మూగతోట వైన్ నవ్విన ఏడాది

ఇలా రా తల్లీ, కుంపటి పక్కకి జరుగు. ఆ తలుపు వేసి రా ముందు, నది మీది పొగమంచు ఇంట్లోకి దూరుతోంది. ఆ కుర్చీ వద్దు, దానికి కాలు సరిగ్గా లేదు. నా మోకాళ్ల దగ్గర కూర్చో. చెవి ఇటు పెట్టు. ఇది గొంతెత్తి చెప్పే సంగతి కాదు. మా అక్క కసీల్దా సంగతి.

మా పుట్టింటికి తోరో ఊరి కింద, దువేరో నది వైపు దిగే దారిలో, ఇసుక దిబ్బ మీద ఒక ద్రాక్షతోట ఉండేది. పేరు లా కయాదా. మూగది అని అర్థం. ఊళ్లో అందరూ మూగతోట అనేవాళ్లు. పక్క తోటల్లో పిచ్చుకలూ కీచురాళ్లూ చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటే, మా గట్టు దాటి అడుగు పెట్టగానే ఎవరో వెనక తలుపు మూసినట్టు అయ్యేది. గాలి వీచేది, ఆకు కదిలేది, చప్పుడు మాత్రం ఉండేది కాదు. మా గొర్రెలకాపరి తన కుక్కను ఎంత అదిలించినా అది ఆ గట్టు దాటేది కాదు.

వైన్ కూడా తోటకు తగ్గట్టే ఉండేది. నల్లగా, చిక్కగా, రాయిని నాకినట్టు. మొదటి గుక్కకు ఏమీ చెప్పేది కాదు. గిన్నెలో పోసి పక్కన పెట్టి, కోళ్లకు గింజలు వేసి, శనగలు ఉడికాయో లేదో చూసి వచ్చి మళ్లీ తాగితే, అప్పుడు నెమ్మదిగా పెదవి విప్పేది. ఎండిన నల్ల ఆల్‌బుఖారా పండు, ఆరిన పొయ్యి, వానకు తడిసిన ఉన్ని. అంతే. మళ్లీ మూసుకునేది. తొందరున్న వాళ్లకు అది నచ్చేది కాదు. "ఎలాదియో, నీ వైన్‌కి చెముడా, మూగా?" అని మా నాన్నను వేళాకోళం చేసేవాళ్లు. నాన్న నవ్వేసేవాడు గాని, ఆ మాట ఆయన లోపల ముల్లులా ఉండిపోయేది. ఆ తోట పళ్లను వేరే తోట పళ్లతో కలిపి చూస్తే పీపా మొత్తం పులిసి పాడయ్యేది. అందుకని దాని పళ్లు దానికే, దాని పీపా దానికే.

ఇప్పుడు అసలు సంగతి విను. మా తోటల్లో తీగలకు పందిళ్లుండవు కదా, మోకాలెత్తు మోడులు. మూగతోటలో మోడులు తాతల నాటివి. వేరుపురుగు వచ్చి దేశంలో తోటలన్నిటినీ తినేసినా ఆ ఇసుకలో అది బతకలేకపోయింది. అక్కడ ఒక మోడు చచ్చిపోతే కొత్త మొక్క కొని తెచ్చి పెట్టరు. పక్క మోడు నుంచి పొడవాటి కొమ్మను వంచి, చచ్చిన చోట గొయ్యి తీసి, ఆ కొమ్మను గోతిలో పడుకోబెట్టి, కొస పైకి తేల్చి, మట్టి కప్పి పాదాలతో తొక్కుతారు. అంటు తొక్కడం అంటాం. వేళ్లు దిగి కొత్త మొక్క నిలిచేదాకా తల్లి నుంచి కోయరు. మిగతా వాళ్లు ఆ తర్వాత కోసేస్తారు. మూగతోటలో ఎవరూ కోయలేదు. అంచేత పైకి వందల మోడులు కనిపించినా నేల కింద అదంతా ఒకటే మొక్క.

అంటు తొక్కేటప్పుడు మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. పాదం గోతిలో ఉండగా ఎవరు పిలిచినా పలకకూడదు. పిలవాల్సిన వాళ్లు పేరు పెట్టి పిలవరు, పార మీద రాయితో కొడతారు. ఆ చప్పుడు విని ఇవతలికి వచ్చాకే మాట్లాడాలి. ఎందుకని నేను చిన్నప్పుడు అడిగితే మా నాయనమ్మ బాల్దోమేరా ఒకటే మాట చెప్పింది.

"దానికి గొంతు లేదే పేత్రా. దొరికిన గొంతు తీసుకుంటుంది."

మా అక్క కసీల్దా నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఇంట్లో అందరి వంతూ అదే మాట్లాడేది. దాని నవ్వు ముక్కులో మొదలై, గొంతులోకి దిగి, చివర తొడ మీద చరుచుకోవడంతో ఆగేది. చర్చిలో ప్రార్థన మధ్యలో ఒకసారి అలా నవ్వితే ఫాదరు కూడా పుస్తకం మూసి నవ్వాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు నా మంచం పక్కన కూర్చుని ఒక పాట పాడేది. అది అక్క సొంతంగా కట్టిన పాట, కప్పను పెళ్లాడిన కొంగ పాట. దాన్ని మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియనిచ్చేది కాదు.

అక్కకు రొట్టె సీమ నుంచి సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు అతిలానో. గోధుమ చేల మధ్య పుట్టినవాడు, ద్రాక్షమోడు మొహం ఎరగడు. మంచివాడు, నిదానస్తుడు. చెవులు మాత్రం పెద్దవి. "గాలి వస్తే పట్టుకోండర్రా, అల్లుడు ఎగిరిపోతాడు" అనేది నాయనమ్మ.

ఆ ఏడు ఫిబ్రవరిలో మూగతోటలో ఒక పాత మోడు చచ్చింది. నాన్నకు మోకాలు వాచి ఉంది. గోతిలోకి అక్క దిగింది. నాన్న కొమ్మను వంచి పట్టుకున్నాడు, నాయనమ్మ కొసను తేల్చి పట్టుకుంది, అక్క మట్టి తొక్కుతోంది. నేను గట్టు మీద రొట్టె, జున్ను ఉన్న బుట్టతో కూర్చున్నాను. అప్పుడు దారి మీద అతిలానో వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు పాపం, చక్కెర రొట్టె పట్టుకుని, ఆశ్చర్యపరుద్దామని.

"కసీల్దా! ఎక్కడున్నావే?"

"ఇక్కడే ఉన్నా!" అంది అక్క, గోతిలోంచి.

అని నవ్వింది. ఆ నవ్వు మొదలైంది గాని చివరిదాకా రాలేదు. తొడ మీద చెయ్యి వేయబోయి అక్క ఆగిపోయింది, ఏం చేయబోయిందో మర్చిపోయినట్టు. నాయనమ్మ దాన్ని జబ్బ పట్టి బయటికి లాగి నోటి మీద ఒక్కటి కొట్టింది.

"పలికావా? పలికావటే?"

"అబ్బా, ఏంటి నాయనమ్మా, పెళ్లికొడుకు ముందు..."

"వెర్రిదానా, వాడి ముందు కాదు. దాని ముందు పలికావు."

నాన్న గోతిలోకి దిగాడు. మిగతా మట్టి తనే తొక్కాడు, వాచిన మోకాలితోనే.

మొదట్లో ఏమీ తెలియలేదు. వసంతం వచ్చాక ఒక్కొక్కటే కనబడింది. అక్క చెప్పుల్లో ఎప్పుడూ ఇసుక ఉండేది, ఇంట్లోనే ఉన్న రోజు కూడా. దాని దుప్పటి దులిపితే ఇసుక రాలేది. తర్వాత మాటలు తగ్గాయి. అడిగితే చెప్పేది, అడగకపోతే లేదు. ఎండలో నిలబడితే ముఖం సూర్యుడి వైపే తిరిగి ఉండేది, సూర్యుడు జరిగితే ముఖమూ జరిగేది. దాహం వేస్తోందా అని అమ్మ అడిగితే "ఇంకా వాన పడలేదుగా" అంది. అమ్మ కూజాను తిరిగి మూల పెట్టేసింది.

జూన్‌లో తోట పూతకొచ్చింది. తీగ పూసే రోజుల్లో కిందటేటి వైన్ పీపాలో కదులుతుందని ఊళ్లో అందరూ చెప్పేదే. అక్క కూడా కదిలింది. కూర్చున్న చోట మెల్లగా ఊగింది, పూత రాలేదాకా. అదే రోజుల్లో గొర్రెలకాపరి వచ్చి నాన్నతో చెప్పాడు, "ఎలాదియో, మీ తోటలో ఎవర్ని కాపలా పెట్టావు? ఆడమనిషి ముక్కుతో నవ్వుతోంది" అని. నాన్న వాడితో పోట్లాడి పంపేశాడు.

కోత అయింది. పళ్లు తొక్కి, కొండ కింద మా నేలమాళిగలో తొట్టెకు ఎత్తారు. పులిసే రోజుల్లో కిందికి దిగాలంటే కొవ్వొత్తి ముందు పెట్టుకుని దిగాలి, తెలుసుగా. మంట ఆరితే అక్కడ ఊపిరి లేనట్టు, వెనక్కి రావాలి. ఆ ఏడు కొవ్వొత్తి ఆరలేదు. తొట్టె దగ్గరికి పోతే మంట ఒకసారి అటు, ఒకసారి ఇటు వాలేది. నిద్రపోయే మనిషి ముక్కు దగ్గర పెట్టినట్టు.

నవంబరులో సాన్ మార్తీన్ పండగనాడు కొత్త పీపా తెరిచాం. చుట్టుపక్కల వాళ్లు గుండ్రటి రొట్టెలు, కాల్చిన చెస్ట్‌నట్లు, పంది మాంసం పట్టుకొచ్చారు. పక్కింటి ఉర్సులా ముందుగా గుక్క వేసింది. ఆవిడ ఎప్పుడూ మొహం ముడుచుకుని ఉండే మనిషి. ఆ గుక్క మింగి, కళ్లు పెద్దవి చేసి, ముక్కుతో నవ్వు మొదలుపెట్టింది. అది గొంతులోకి దిగింది. చివర తొడ మీద చరుచుకుంది.

"ఓరి నాయనో, ఎలాదియో! నీ మూగది మాట్లాడుతోందిరా!"

అందరూ తాగారు. అందరూ అలాగే నవ్వారు. మగవాళ్లూ ఆడవాళ్లూ, ఒకటే నవ్వు, ఒకే చోట మొదలై ఒకే చోట ఆగింది. వైన్ నోట్లో పడగానే తలుపు తెరుచుకున్నట్టు ఉందన్నారు, చెర్రీలన్నారు, సోపుగింజలన్నారు, పెళ్లింట్లోకి అడుగుపెట్టినట్టు ఉందన్నారు. నాన్న ముఖం వెలిగిపోయింది. జన్మలో మొదటిసారి తన తోటను మెచ్చుకున్నారు మరి. అప్పుడు ఉర్సులా గిన్నె కడుగుతూ ఏదో కూనిరాగం తీసింది. కప్పను పెళ్లాడిన కొంగ పాట అది.

"ఆ పాట నీకెవరు నేర్పారు అత్తా?" అన్నాను.

"ఏ పాట? ఏమోనే, నోటికొచ్చింది."

అక్క మూల కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అందరి నవ్వూ శ్రద్ధగా వింది. తర్వాత నా వైపు వంగి మెల్లగా అంది.

"ఎవరో గాని, హుషారైన పిల్ల."

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక నాయనమ్మ నాన్నను వంటింట్లోకి లాక్కుపోయింది. నేను వెల్లుల్లి ఒలుస్తూ అక్కడే ఉన్నాను.

"ఎలాదియో, ఆ పీపా మూసెయ్. ఇంక ఒక్క చుక్క కూడా ఎవరికీ పోయకు."

"అమ్మా, ఇన్నాళ్లకు..."

"మా అమ్మ వాళ్ల వైపు నుంచి వచ్చిన తోట అది. మా మేనమామ సెలెదోన్ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. ఆయనా గోతిలోంచి పలికాడు. ఆ ఏటి వైన్ అద్భుతంగా ఉందని ఊరంతా తాగారు, మేమూ తాగాం. ఈస్టరు నాటికి పీపా అయిపోయింది. ఆయనా అయిపోయాడు."

"చచ్చిపోయాడా?"

"చస్తే బాగుండేది. ముప్ఫై ఏళ్లు పొయ్యి వెనక కూర్చున్నాడు. తిను అంటే తిన్నాడు, లే అంటే లేచాడు. కళ్లు తెరిచి ఉండేవి, లోపల ఎవరూ ఉండేవాళ్లు కాదు."

"మూసేసి ఏం చెయ్యమంటావ్?"

"తీసుకెళ్లి ఆ గోతిలోనే పోసెయ్. తీసుకున్న దాన్ని అడుగు, తిరిగి ఇమ్మని."

"పోస్తే వస్తుందా?"

"నాకెలా తెలుస్తుందిరా? మా వాళ్లెవరూ పోసి చూడలేదు. తాగేశారు."

నాన్న తల అడ్డంగా ఊపాడు. పెళ్లి దగ్గరపడితే ఆడపిల్లలు బెంగపడతారు, అంతే, అన్నాడు. తన మాట తనే నమ్మడానికి గట్టిగా అన్నాడు.

ఆ వారంలోనే బయ్యదోలిద్ నుంచి దోన్ గాస్పార్ వచ్చాడు. వైన్ వర్తకుడు. నల్ల కోటు, తోలు చేతితొడుగులు, పెళ్లాం పోయి ఒంటరిగా ఉంటున్న మనిషి. ఏళ్ల తరబడి నవ్వి ఎరగడని పేరు. నాన్న ఎప్పుడు చూపించినా మూగతోట వైన్‌ను ఉమ్మేసి వెళ్లినవాడే. ఈసారి ఒక గుక్క తాగి గోడకు ఆనుకున్నాడు. నవ్వాడు. అచ్చం మా అక్కలా నవ్వాడు, నల్ల కోటు తొడ మీద చరుచుకుని. కళ్లు తుడుచుకుని, పీపా మొత్తం తనకే కావాలన్నాడు. బండి పంపిస్తానన్నాడు. ఒక సీసా నింపించుకుని పట్టుకెళ్లాడు.

బండి వచ్చే రోజు పొద్దున్న నాన్న మేకతోలు తిత్తులు నింపడానికి నేలమాళిగలోకి దిగాడు. దీపం పట్టుకోమని అక్కను పిలిచాడు. నేనూ మెట్ల మీద ఉన్నాను. నాన్న పీపా మర తిప్పి, రంగు చూద్దామని గిన్నెలో కాస్త పట్టి, నోట్లో పోసుకున్నాడు. నవ్వు వచ్చేసింది. ఆయన ఆపుకోలేకపోయాడు. ముక్కుతో మొదలై గొంతులోకి దిగి, చెయ్యి తొడ మీదికి పోతుండగా తల తిప్పి చూశాడు. అక్క కొవ్వొత్తి పట్టుకుని నిలబడి ఉంది. తొట్టె దగ్గర అటూ ఇటూ వాలిన మంట, అక్క ముఖం ముందు ఏమాత్రం కదలటం లేదు.

"ఆ నవ్వు బాగుంది నాన్నా," అంది. "ఎవరిది?"

నాన్న గిన్నెలో మిగిలింది మింగలేదు. వేలితో గిన్నె అడుగు కూడా తుడిచి తిత్తిలోకే రాల్చాడు. మర కట్టేశాడు. నా వైపు తిరిగాడు.

"పేత్రా, అతిలానో పెళ్లి పనులకని ఊళ్లోనే ఉన్నాడుగా, పిలుచుకురా. దారిలో బండివాడు ఎదురైతే వైన్ పాడైపోయిందని చెప్పు."

పీపా మొత్తం మేకతోలు తిత్తుల్లోకి ఎత్తి, రెండు కంచరగాడిదల మీద వేసి తోటకు తోలాం. మిట్టమధ్యాహ్నం, కానీ పొగమంచులో నాలుగు మోడుల అవతల ఏమీ కనబడటం లేదు. అక్క నా చెయ్యి పట్టుకుని గట్టు ఇవతల దారి మీద నిలబడింది. దాని చెయ్యి బెరడులా ఉంది. గాడిదలు గట్టు దాటలేదు. తిత్తుల్ని నాన్న వీపు మీద మోశాడు.

ముందు కత్తి తీసి, తల్లి మోడుకూ ఆ కొమ్మకూ మధ్య కోశాడు. మూగతోటలో ఎవరూ చేయని పని. కోసిన చోట తేమ ఊరి కారింది, శీతాకాలంలో. తర్వాత గోతి మట్టి తవ్వి తిత్తి మూతి విప్పి పోశాడు. ఇసుక గుటకలేసిన చప్పుడు మా దాకా వినబడింది. ఆ తోట తనంతట తాను చేయగా నేను విన్న మొదటి చప్పుడు అదే.

"ఇప్పుడు పిలువు," అంది నాయనమ్మ అతిలానోతో. "ఆ రోజు ఎక్కడ నిలబడి పిలిచావో అక్కడే నిలబడు. అలాగే పిలువు."

అతిలానో దారి మీద అదే చోటికి వెళ్లి పిలిచాడు. "కసీల్దా! ఎక్కడున్నావే?"

"ఇక్కడే ఉన్నా!"

నా పక్కన ఉన్న అక్క పెదవి కదల్లేదు. మాట గోతిలోంచి వచ్చింది. చిలిపిగా, ఫిబ్రవరిలో పలికినట్టే. అతిలానో మోకాళ్ల మీద కూలబడిపోయాడు.

"లేవరా!" అంది నాయనమ్మ. "ఏడవడం తర్వాత, ముందు పిలువు. ఎలాదియో, నువ్వు పోస్తూ ఉండు!"

నాన్న పోశాడు. అతిలానో పిలిచాడు. గోతిలోంచి పలికింది. తిత్తి తర్వాత తిత్తి ఒంపేకొద్దీ ఆ పలుకు లోతుకు పోయింది, బావిలోకి జారే చేదలా. నాన్న కష్టమంతా, ఊరి మెప్పంతా ఇసుకలోకి ఇంకిపోయింది. చివరి తిత్తిని ఆయన తిరగేసి, పిండి, దులిపాడు. అతిలానో గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"కసీల్దా. ఎక్కడున్నావే?"

ఏ చప్పుడూ లేదు. పొగమంచులో ఎవరి ఊపిరి వాళ్లకు వినబడుతోంది. నాన్న గోతి పక్కన నిలబడి మా వైపు చూడటానికి భయపడుతున్నాడు. నా చేతిలోని చెయ్యి ముందు వెచ్చబడింది. ఆ తర్వాత నా వేళ్లను నలిపేసింది.

"ఇక్కడే ఉన్నాగా! పక్కనే ఉన్న మనిషిని పట్టుకుని ఆ అరుపులేంటి? నాకేమైనా చెవుడా? అబ్బా, చలి! నాన్నా, బూట్ల నిండా బురదేంటి? ఆకలేస్తోంది, ఎవరైనా రొట్టె తెచ్చారా?"

నాన్న ఆ ఇసుకలోనే కూర్చుని టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అక్క వచ్చింది. మాటలు వచ్చాయి, కోపం వచ్చింది, ఆకలి వచ్చింది. కానీ తాగేసినది తాగేసినట్టే. పండగనాడు ఊరివాళ్లు తాగిన గుక్కల్లో ఏవో పోయాయి. కొంగ పాట అక్కకు గుర్తులేదు. ఉర్సులా అత్త దగ్గర కూర్చుని మళ్లీ నేర్చుకుంది. అత్త నేర్పుతూ ఏడ్చింది, నీ వస్తువు నా దగ్గరుండిపోయిందే అని. నవ్వు మాత్రం ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. పెళ్లిలో అతిలానో చెవుల మీద ఎవరో హాస్యమాడితే అక్క పగలబడి నవ్వింది. నోరు తెరిచింది, భుజాలు ఊగాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. చప్పుడు మాత్రం రాలేదు. ఒక్క పిసరు కూడా.

నాన్న బయ్యదోలిద్‌కు పరుగెత్తాడు. దోన్ గాస్పార్ ఆ సీసాను ఎప్పుడో భోజనంలో ఒక్కడే ఖాళీ చేశాడట. నాన్న చెప్పినదంతా విని ఆయన నమ్మలేదు. నమ్మకుండా నవ్వాడు. ఆ నవ్వు విని నాన్న గుమ్మం దిగి తిరిగి వచ్చేశాడు.

మరుసటి ఏడు అక్కకు కొడుకు పుట్టాడు. బారసాల నాడు గుమ్మంలో నల్ల కోటు కనబడింది. దోన్ గాస్పార్. చేతిలో టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"అమ్మా," అన్నాడు అక్కతో, "నేను నవ్వితే మా ఇంట్లో పనివాళ్లు భయపడుతున్నారు. మొదట్లో నాకూ నమ్మకం లేదు. ఇది నాది కాదు. తిరిగిద్దామంటే ఎలాగో తెలియటం లేదు."

"ముందు లోపలికి రండి," అంది అక్క. "ఒకసారి నవ్వండి చూద్దాం."

"ఊరికే ఎలా నవ్వమంటావు తల్లీ?"

అక్క ఆయన్ని మంచి కుర్చీలో కూర్చోబెట్టి, అతిలానో మొదటిసారి ద్రాక్షమోడు కత్తిరించబోయి తన బూటు కోసుకున్న సంగతి చెప్పింది. ఆయన నవ్వాడు. ఉయ్యాలలో పిల్లాడు కళ్లు తెరిచి ఆ ముసలాయన వైపు కాదు, తల్లి వైపు చూశాడు.

ఆ తర్వాత ఏటా సాన్ మార్తీన్‌కు ఆయన వచ్చేవాడు. అక్క ఏడాది పొడుగునా హాస్యాలు ఏరి ఆయన కోసం దాచేది. ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. అక్క చెప్పేది, ఆయన నవ్వేవాడు, అక్క కళ్లు మూసుకుని వినేది. దాని భుజాలు మాత్రం ఆయనతో పాటు ఊగేవి. అతిలానో ఆ రోజున పొయ్యిలో కట్టెలు సర్దుతూ అటు చూడకుండా ఉండేవాడు. దోన్ గాస్పార్ పోయిన ఏడు మా అక్క నల్లబట్టలు కట్టింది. వరస కాని వాడికి ఏడాది పాటు ఈ మైల ఏంటని ఊళ్లో ముక్కున వేలేసుకున్నారు. అక్క ఆ బట్టల్లోనే ఏడాదంతా తిరిగింది. ఆయన శవపేటిక మూసేముందు వంగి నోటికి చెవి ఆనించి విందని మాత్రం నాకు తెలుసు. పక్కనే ఉన్నాను.

అదీ తల్లీ సంగతి. గుర్తుంచుకో. నాకు రాయడం రాదు, మా అక్క పోయింది, ఇది ఇక నీ నోటిలోనే బతకాలి. నీ పిల్లలకు చెప్పు, వాళ్లను వాళ్ల పిల్లలకు చెప్పమను. ఊరిపేర్లు తప్పు చెప్పినా పరవాలేదు గాని, పెళ్లిలో కసీల్దా నవ్విన చోటుకు వచ్చినప్పుడు మాత్రం నువ్వు చెప్పడం ఆపు. నోరు తెరిచి, భుజాలు ఊపి, చప్పుడు చేయకుండా కాసేపు అలాగే ఉండు. ఎందుకని అడగరు వాళ్లు.